రౌటరు గారి సస్పెన్షన్

తెర మీద వేలం ధర కదలకుండా నిలబడిపోయింది. ఫోన్‌లో నంజుండప్ప మాత్రం ఆగలేదు.

"ఏమప్పా పైడిరాజూ, నేను ధర పెంచి నొక్కతానే ఉండా, అది ఉలకదు పలకదు. మీ ఊర్లో చింతపండు నిద్రపోయిందా ఏమి?"

"ఒక్క నిమిషం ఆగండి సార్, లైన్ చూస్తున్నాను."

"నేను ఆగతాను. వేలం ఆగాల కదా?"

పైడిరాజు ఆ ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి రెండో ఫోన్ అందుకున్నాడు. రాష్ట్ర చింతపండు వికాస మండలికి అతనొక్కడే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. మన్యంలో రాలిన చింతపండంతా లారీల్లో విజయనగరం శివారులోని ఈ ఆఫీసుకొస్తుంది. ఇక్కణ్ణుంచి ఆన్‌లైన్ వేలంలో రాష్ట్రమంతా అమ్ముడవుతుంది. నంజుండప్ప హిందూపురం వ్యాపారి. ఆయన కొంటేనే మిగతావాళ్లు కొంటారు. ఆయన అలిగితే గేటు బయట లారీలు అలాగే ఉండిపోతాయి.

రెండో ఫోన్‌లో సంగీతం ఆగి ఒక గొంతు పలికింది.

"రెక్కలగుర్రం బ్రాడ్‌బ్యాండ్‌కి స్వాగతం. మీ ఇంటర్నెట్ పనిచేయకపోతే దయచేసి మా వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేయండి."

పైడిరాజు పళ్లు నూరుకుంటూ తొమ్మిది నొక్కాడు. ఈసారి నిజం మనిషి దొరికింది.

"సార్, రౌటర్ ఒకసారి ఆపి ఆన్ చేశారా?"

"చేశానమ్మా."

"మళ్లీ చేస్తారా సార్? అప్పుడు నేను లైన్‌లో లేను."

"అమ్మా, ఇక్కడ వేలం నడుస్తోంది."

"మీ ఏరియాలో ఏ సమస్యా లేదని చూపిస్తోంది సార్."

"ఏరియాలో లేదు, మా ఆఫీసులో ఉంది."

"మీ ఆఫీసులో ఉంటే అది మా పరిధి కాదు సార్. ఇంకేమైనా సహాయం చేయగలనా?"

పైడిరాజు రెండు ఫోన్లూ జేబులో పడేసి సర్వర్ గదివైపు పరుగెత్తాడు. వరండాలో ఎం.డి. కోదండపాణి గారు ఎదురయ్యారు. వెనక పదిమంది అతిథులు, జీడిపిక్కల సంఘం వాళ్లు, మెడలో దండలతో నడుస్తున్నారు. ఎం.డి. గారు జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటున్నారు. ఆయన వేలికున్న నవరత్నాల ఉంగరం ఎండకి తళుక్కుమంది.

"ఏం పైడిరాజూ, పరుగు దేనికి? ప్రశాంతత అలవాటు చేసుకో."

"నెట్ పోయింది సార్."

"పోయినదాని గురించి చింతించకూడదు," అని ఆయన అతిథులవైపు తిరిగి నవ్వారు. అతిథులు తలలూపారు.

సర్వర్ గదిలో చల్లగా, చీకటిగా ఉంది. రౌటర్‌కి, సర్వర్‌కి కరెంటిచ్చే స్విచ్ కిందికి పడిపోయి ఉంది. పైడిరాజు దాన్ని పైకి లేపాడు. పచ్చ లైట్లు ఒక్కొక్కటే కళ్లు తెరిచాయి. అప్పటికి వేలం గడువు దాటిపోయింది.

"పోనీలే అప్పా," అన్నాడు ఫోన్లో నంజుండప్ప, అంతలోనే చల్లబడి. "వేలం మళ్లీ పెట్టుకోవచ్చు. ఇది ఎవరి వల్ల అయిందో పేరు చెప్పు చాలు. కోప్పడేదానికి నాకొక మనిషి కావాల."

"పేరు చెప్పకూడదండి. సర్క్యులర్ ఉంది."

"సర్క్యులర్ మీద కోప్పడమంటావా?"

అలా కోప్పడినా తప్పులేదు. వేసవి మొదట్లో ఎం.డి. గారు అరకులో నాయకత్వ శిబిరానికి వెళ్లొచ్చారు. అక్కడొక ఉపన్యాసకుడు, మనుషులు తప్పులు చేయరు, వ్యవస్థలే చేస్తాయి అన్నాడట. మిగతా శ్రోతలు అది విని చప్పట్లు కొట్టి భోజనానికి వెళ్లారు. కోదండపాణి గారు మాత్రం ఆఫీసుకొచ్చి దాన్ని అమల్లో పెట్టారు. ఇకపై మండలిలో ఏ వైఫల్యానికీ ఏ వ్యక్తి పేరూ ఎత్తరాదు. అలాగని, కారణం తేలకుండా ఏ ఫైలూ మూయరాదు. దీని పేరు నిందారహిత విధానం.

మనుషుల్ని అనకూడదు, కారణం మాత్రం తేలాలి. అంటే ఇక మిగిలింది వస్తువులే. మండలి జీపు వెనక్కి వెళ్తూ గేటుని గుద్దితే గేటుకి మెమో ఇచ్చారు. క్యాంటీన్లో ఉప్మా మాడితే బాణలికి హోదా తగ్గించి పాలు కాచే పనికి దించారు. డ్రైవరు, వంటమనిషి ఇద్దరూ ఈ విధానాన్ని మనస్ఫూర్తిగా సమర్థించారు.

మర్నాడు ఏ.ఓ. హైమావతి గారు పైడిరాజుని పిలిపించారు. ఆవిడ పరిపాలనాధికారి. ఫైలు లేనిదే నమస్కారానికి కూడా బదులివ్వని మనిషి.

"విచారణ సంఘం ప్రాథమిక నిర్ధారణకి వచ్చింది. రౌటర్ మీద బలమైన ఆధారాలున్నాయి. సంఘటన జరిగినప్పుడు అది సంఘటనా స్థలంలోనే ఉంది."

"అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది మేడమ్."

"అందుకే అనుమానం బలపడింది. నిన్ననే మెమో అందజేశాం. ఇప్పటిదాకా సంజాయిషీ లేదు."

"రౌటర్ సంజాయిషీ ఎలా ఇస్తుందండీ?"

"ఇవ్వలేకపోవడం వేరు, ఇవ్వకపోవడం వేరు. మెమో చదివి వినిపిస్తుంటే ఎర్ర లైటు కొట్టిందట. అటెండరు సాక్ష్యం చెప్పాడు. దీన్ని ధిక్కారంగా నమోదు చేశాం." ఆవిడ పెన్ను మూత బిగించారు. "సస్పెండ్ చేస్తున్నాం."

"మరి నెట్, మేడమ్?"

"నిబంధనల్లో దానికీ దారి ఉంది. సస్పెన్షన్లో ఉన్నవారికి సగం జీతం జీవనభృతిగా ఇవ్వాలి. రౌటర్‌కి జీతమంటే కరెంటే కదా. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఇవ్వండి, తర్వాత ఆపేయండి. ఇంకో విషయం, సస్పెన్షన్ కాలంలో అది హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లకూడదు."

అది విడిచి వెళ్లకుండా అటెండరు సైకిలు గొలుసు తెచ్చి రౌటర్‌ని కిటికీ ఊచకి కట్టి తాళం వేశాడు.

వేలాన్ని ఉదయానికి మార్చారు. రౌటర్ సగం జీతం మీదే బుద్ధిగా పనిచేసింది. ఒక ఉదయం ఎం.డి. గారు ఆవకాయ తయారీదారుల బృందాన్ని వెంటపెట్టుకుని ఆఫీసు చూపిస్తున్నారు. సరిగ్గా వేలం మధ్యలో మళ్లీ అన్నీ ఆరిపోయాయి. గేటు బయట ఈసారి లారీల వరస రోడ్డెక్కింది.

రెక్కలగుర్రం వాళ్లు చివరికి లైన్‌మన్ అప్పన్నని పంపారు. అప్పన్న సర్వర్ గది గుమ్మంలోనే ఆగిపోయి గొలుసువైపు చూశాడు.

"ఏటి బాబూ, దీన్ని కట్టేసినారు? కరుత్తాదా?"

"సస్పెన్షన్లో ఉంది."

"అయితే నాను ముట్టుకోను. ఇసారణలో ఉన్నోడి మీద సెయ్యేత్తే రేపు నన్నూ సాచ్చిగా పిలుత్తారు. మీ ఫోనుకి ఓటీపీ వొచ్చుంటాది, సెప్పండి. పిర్యాదు టిక్కెట్టు మూసీయాల."

"పని కాకుండా ఓటీపీ ఎలా చెప్పమంటావు అప్పన్నా?"

"టిక్కెట్టు ముయ్యకపోతే నా జీతం కోసీస్తారు బాబూ. నెట్టు రాకపోతే మావోళ్లు ఎవులి జీతం కొయ్యరు. మీరే సెప్పండి, నాను ఏటి సూసుకోవాల?"

పైడిరాజు ఓటీపీ చెప్పేశాడు. అప్పన్న పోతూ పోతూ గోడవైపు ముక్కు ఎగబీల్చాడు.

"గదిలో పులుసు వాసనేటి బాబూ?"

"ఈ ఆఫీసంతా అదే వాసన."

ఈసారి విచారణ సంఘం చూపు సర్వర్ మీద పడింది. సస్పెండ్ చేస్తే పని ఆగుతుంది కాబట్టి పరిపాలనా కారణాలు చూపి సాలూరు కొనుగోలు కేంద్రానికి బదిలీ చేశారు. వీడ్కోలు సభ కూడా జరిగింది. సర్వర్‌కి శాలువా కప్పి, మిక్చర్ పొట్లం పక్కన పెట్టి, అందరూ చుట్టూ నిలబడి ఫోటో దిగారు. ఎం.డి. గారు మాట్లాడుతూ, ఎప్పుడూ ఎవరినీ ఒక్క మాట అనని సహచరుడని సర్వర్‌ని కొనియాడారు. దాని కుర్చీలో, అదే, దాని అరలో, స్టోరులో పడున్న ఒక పాత యంత్రాన్ని పెట్టి ఇన్‌ఛార్జి సర్వర్‌గా పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించారు.

పైడిరాజుకి ఇంట్లో అన్నం సయించడం మానేసింది. నంజుండప్ప రోజూ ఉదయం ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నాడు.

"పేరు దొరికిందా అప్పా?"

ఆ ఊపిరాడని స్థితిలో పైడిరాజు తన ఉద్యోగంలో ఎన్నడూ చేయని పని చేశాడు. వేలం మొదలుపెట్టేసి, వచ్చి సర్వర్ గదిలో యంత్రాల అర వెనక నక్కి కూర్చున్నాడు. ఎవరొస్తారో చూడాలి. ఆరోజు ఎం.డి. గారి అతిథులు పసుపు రైతులు.

తలుపు తెరుచుకుంది. చెప్పుల చప్పుడు. తర్వాత ఒక గంభీరమైన కంఠం.

"మన చింతపండు గొప్పతనం రుచిలో మాత్రమే ఉందనుకుంటారు చాలామంది. నా గదిలో రాగిచెంబు ఉండేది. తోమి తోమి అది అద్దమైపోయింది. ఇక దాని మీద చూపించడానికి మురికి మిగల్లేదు. ఈ భవనం మొత్తంలో నల్లబడే రాగి ఇదొక్కటే."

అర సందులోంచి పైడిరాజు చూశాడు. గోడ మీద పైనుంచి కిందికి ఒక రాగి పట్టీ ఉంది. పిడుగో, షార్టో వస్తే కరెంటుని భూమిలోకి దింపే ఎర్తింగ్ పట్టీ అది. దాని కింది కొసన ప్లగ్ బోర్డు ఉంది. రౌటర్, సర్వర్ అన్నీ ఆ బోర్డులోనే బతుకుతున్నాయి. స్టీలు గిన్నెలోంచి నానబెట్టిన చింతపండు ముద్ద పైకి లేచింది. ముద్దని పట్టుకున్న చేతికి నవరత్నాల ఉంగరం ఉంది. చెయ్యి రాగి పట్టీని పై నుంచి కిందికి నిదానంగా, భక్తిగా రుద్దింది.

"చూడండి. ఇందాకటి నలుపు ఏది?"

పసుపు రైతులు ఆహా అన్నారు. పులుసు రాగి మీంచి చుక్కలు చుక్కలుగా కిందికి జారి ప్లగ్ బోర్డులోకి దిగింది. టక్కున చప్పుడైంది. గది చీకటైపోయింది.

"ఆ మెరుపు ముందు కరెంటు కూడా తలవంచింది," అందా కంఠం. "పదండి, టీ తాగుదాం."

గుడ్డతో గోడ తుడిచిన చప్పుడు. తలుపు మూసుకుంది. జేబులో ఫోన్ మోగుతోంది. అది ఎవరి ఫోనో చూడకుండానే పైడిరాజుకి తెలుసు.

అతను నేరుగా ఏ.ఓ. గారి గదికి వెళ్లాడు.

"మేడమ్, కారణం దొరికింది. కళ్లారా చూశాను. ఇదంతా చేస్తున్నది..."

హైమావతి గారు రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. "పేరు చెప్పకండి. వింటే విధానాన్ని ఉల్లంఘించినదాన్ని నేనవుతాను."

"పేరు చెప్పను మేడమ్. మన ఆఫీసులో అందరికంటే పెద్ద గదిలో..."

"గది చెప్పినా, హోదా చెప్పినా పేరు చెప్పినట్టే."

"పోనీ ఒక ఉంగరం మేడమ్. నవరత్నాల ఉంగరం."

ఆవిడ చెవుల మీంచి చేతులు తీశారు. "ఉంగరానికి మెమో ఇవ్వొచ్చు. వస్తువే కదా. కానీ అది మండలి ఆస్తి కాదు. మన పరిధిలోకి రాదు. పోనివ్వండి, ఆ గదిలో మండలి ఆస్తులు ఇంకేం మిగిలాయి? రౌటర్ అయింది, సర్వర్ అయింది."

"ఏమీ లేవు మేడమ్. ఏసీ ఉంది. నేను ఉన్నాను."

ఆ మాట ఎందుకన్నానా అని పైడిరాజు తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. హైమావతి గారు తలెత్తి, అతన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"మిమ్మల్ని ఏజెన్సీ ద్వారా తీసుకున్నాం కదా? కుర్చీలు, కీబోర్డులు తెప్పించిన టెండర్లోనే?"

"అవునండీ. దానికేం?"

"దానికే అంతా. మీకు చెల్లింపులన్నీ కంప్యూటర్ విడిభాగాల పద్దు కింద జరుగుతున్నాయి. అంటే విధానం ప్రకారం మీరు వ్యక్తి కారు." ఆవిడ ముఖంలో చాలాకాలం తర్వాత ప్రశాంతత కనిపించింది. "మీ మీద నింద వేయడానికి ఏ అభ్యంతరమూ లేదు. ఇది ముందే గుర్తించి ఉంటే పాపం రౌటర్‌కి అంత అవమానం జరిగేది కాదు."

"మేడమ్, నేను మనిషిని."

"వ్యక్తిగతంగా నేనూ అలాగే భావిస్తాను. కానీ ఫైలు వేరేగా చెబుతోంది."

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఒకటి, పదేపదే మొరాయిస్తున్నందున పనికిరాని సామగ్రిగా కండెమ్ చేయడమైనది. మండలి వార్షికోత్సవం నాడు విరిగిన కుర్చీలు, పాత ఫ్యాన్లతో కలిపి వేలం వేయబడును. ఒకసారి కండెమ్ చేసిన సామగ్రిని ఏ ప్రభుత్వ సంస్థలోనూ తిరిగి వాడరాదు. ఆ చివరి వాక్యాన్ని పైడిరాజు వేలు పెట్టి మళ్లీ చదివాడు. అతనికి వచ్చిన పని ఇదొక్కటే. ఇచ్చే ఏజెన్సీలన్నీ ప్రభుత్వ ఆఫీసులకే మనుషుల్ని, క్షమించాలి, సామగ్రిని పంపుతాయి.

"దీన్ని ఆపే మార్గం లేదా మేడమ్?"

"ఉంది. అసలు కారణం వేరే ఉందని బోర్డు ఛైర్‌పర్సన్ గారి సమక్షంలో, ఎం.డి. గారి సంతకంతో రుజువైతే మీ ఐటెం తొలగిస్తాం. ఈలోగా వెబ్‌సైట్‌లో పెట్టడానికి మీ ఫోటోలు రెండు ఇవ్వండి. ముందువైపు ఒకటి, పక్కవైపు ఒకటి."

వేలం పేజీ తయారుచేయాల్సింది కూడా అతనే. తన ఫోటోని ఫ్యాన్ల పక్కన పెడుతుంటే నంజుండప్ప ఫోన్ చేశాడు.

"అప్పా, వేలంలో నిన్ను చూస్తి. మొదటి ధర పాత ఫ్యాను కంటే తక్కువ పెట్టినారే."

"ఫ్యాను తిరుగుతుంది కదండీ."

"దిగులు పడద్దు. నేను స్వయంగా వచ్చి నిన్ను కొనుక్కుంటా. మా మండీలో కూచో. కానీ నువ్వు చేసింటే ఎప్పుడో ఒప్పుకునిందువు. ఇంకెవరో ఉండారు. ఆ పేరు మాత్రం నాకు కావాల."

ఫోన్ పెట్టేసి పైడిరాజు ఎదుటి గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. గోడ మీద నిందారహిత విధానం పోస్టర్ ఉంది. మొదటి సగం ఆఫీసులో అందరికీ నోటికొచ్చు. రెండో సగం ఎవరూ చదవలేదు, ఎందుకంటే అవసరం పడలేదు. దాని శీర్షిక ప్రశంసా విధానం. వైఫల్యానికి ఎవరి పేరూ ఎత్తరాదు. సాఫల్యానికి మాత్రం పేరు తప్పక ఎత్తవలెను. ఏ రోజు ఏం సాధించారో సభలో వివరంగా చదివి, ఆపైన పూర్తి పేరు బిగ్గరగా ప్రకటించవలెను.

పైడిరాజు రెండుసార్లు చదివాడు. లేచి చొక్కా సర్దుకుని ఎం.డి. గారి గదికి వెళ్లాడు.

"సార్, సర్వర్ గదిలో ఆ రాగి పట్టీ చూశాను. అలాంటి మెరుపు నేనెక్కడా చూడలేదు. వార్షికోత్సవంలో దానికొక పురస్కారం ఇస్తే బాగుంటుందనిపించింది."

కోదండపాణి గారు కళ్లజోడు తీశారు. "పట్టీకా?"

"మెరిపించిన చేతులకి సార్. చేసిందెవరో అడగడానికి ధైర్యం చాల్లేదు."

"ఊహించలేకపోయావా?" ఆయన ఉంగరాన్ని నిదానంగా తిప్పుకున్నారు.

"అనుమానం ఉంది సార్. కానీ పెద్దవారు పేరు చదవనివ్వరేమో, వద్దంటారేమో అని."

"వినయం నా సొంత విషయం పైడిరాజూ. చరిత్ర సంస్థది. దానికి అన్యాయం చేసే హక్కు నాకు లేదు. జీడిపిక్కలవాళ్లు వచ్చినరోజు, ఆవకాయవాళ్లు వచ్చినరోజు, పసుపువాళ్లు వచ్చినరోజు, అన్నీ వరసగా రాయించు. ఏ వేళకి మెరిసిందో కూడా రాయించు. సంతకం పెడతాను."

ఆయన సంతకం పెట్టారు. అందులో రెండు అక్షరదోషాలు కూడా దిద్దారు.

వార్షికోత్సవం రోజు హాలు నిండిపోయింది. వేదిక మీద బోర్డు ఛైర్‌పర్సన్ గారు, పక్కన పట్టుపంచెలో ఎం.డి. గారు. ముందు వరసలో నంజుండప్ప, చేతిలో పైడిరాజుని తీసుకెళ్లడానికి తెచ్చిన రైలు టికెట్టు. గోడవారన కుర్చీలు, ఫ్యాన్లు, వాటి పక్కన మెడలో ఐటెం నంబరు చీటీతో పైడిరాజు. సభని వ్యాపారులందరూ ఆన్‌లైన్లో చూస్తున్నారు. ఆరోజు నెట్ అద్భుతంగా పనిచేస్తోంది. గిన్నె పట్టుకోవాల్సిన చేతులు శాలువా కోసం ఖాళీగా ఒళ్లో ఉన్నాయి మరి.

హైమావతి గారు మైకు ముందుకొచ్చి ప్రశంసాపత్రం విప్పి, తేదీలతో సహా చదవసాగారు.

"జీడిపిక్కల సంఘం విచ్చేసిన నాడు, వేలం నడుచు సమయమున, సర్వర్ గది యందలి రాగి పట్టీని చింతపండు పులుసుతో స్వహస్తములతో తోమి మెరిపించిన ఘనత..."

"ఆ పొద్దేగా నా వేలం ఆగిపోయింది," అన్నాడు నంజుండప్ప పక్కవాడితో.

"...ఆవకాయ తయారీదారులు విచ్చేసిన నాడు, మరల వేలం నడుచు సమయమున, పులుసు ధారగా ప్లగ్ బోర్డులోనికి జారునంతటి శ్రద్ధతో..."

"ఆ పొద్దు కూడా," అన్నాడు నంజుండప్ప, ఈసారి హాలుకంతా వినబడేలా.

ఛైర్‌పర్సన్ గారు కుర్చీలో ముందుకు జరిగారు. హైమావతి గారి గొంతు నెమ్మదించింది. చదువుతున్నది ఆవిడకిప్పుడే అర్థమవుతోంది. ఆగడానికి ఫైల్లో నిబంధన లేదు.

"...పసుపు రైతులు విచ్చేసిన నాడు, కరెంటు సైతము తలవంచునట్లుగా..."

"ఒక్క నిమిషం," అన్నారు ఛైర్‌పర్సన్ గారు. "గేటు బయట లారీలన్నీ దీనివల్లేనా ఆగింది?"

"ఎవరమ్మా ఆ మహానుభావుడు?" నంజుండప్ప లేచి నిలబడ్డాడు. "ఇన్నాళ్లూ అడగతా ఉండా. పేరు చెప్పు తల్లీ."

హైమావతి గారు కాగితం మీద చివరి వాక్యంవైపు, కింద సంతకంవైపు, తర్వాత పోస్టర్లోని రెండో సగంవైపు చూశారు. వేదిక మీద ఎం.డి. గారు శాలువాకి వీలుగా మెడ కాస్త ముందుకు వంచి, సంకోచించకండి అన్నట్టు చేయి ఊపారు. ఉంగరం తళుక్కుమంది.

"చదవండి హైమావతి గారూ. పేరు బిగ్గరగా, స్పష్టంగా. వెనకవాళ్లకి కూడా వినబడాలి."

ఆవిడ మైకు దగ్గరికి లాక్కున్నారు. గోడవారన పైడిరాజు మెడలోని చీటీ విప్పుతున్నాడు.

"మండలి మేనేజింగ్ డైరెక్టర్, శ్రీ కోదండపాణి గారు."